వైరస్ వేయని గొట్టంలో నల్లచార

1987 జూన్‌లో నన్ను పరేల్‌లోని ఒక పరిశోధనశాల వైరస్ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా మార్చారు. ఇల్లు మాత్రం కామాఠీపురలో మన తెలుగువాళ్లుండే చాల్‌లోనే, వరుస గదుల్లో ఒకటి.

వైరస్ సోకితే కణం ఎలా మేల్కొంటుందన్నది మా ప్రశ్న. జన్యువుకు కాస్త దూరంలో ఎన్‌హాన్సర్ అనే డీఎన్ఏ ముక్క ఉంటుంది. వైరస్ రాగానే కొన్ని ప్రొటీన్లు దాన్ని పట్టుకుంటాయి, జన్యువు జోరందుకుంటుంది. రేడియోధార్మికత తగిలించిన ఆ ముక్కను జెల్‌లో నడిపిస్తే, ఒంటరిది కిందికి జారిపోతుంది. ప్రొటీన్ పట్టినది బరువుకు పైనే ఆగి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లచారగా కనిపిస్తుంది. పోలిక కోసం వైరస్ వేయని, ఆరోగ్యవంతుల రక్తకణాలు వాడేవాళ్లం. వాటిలో చార రాకూడదు.

రక్తమిచ్చేవాళ్లను మా చాల్ నుంచే పిలిచేవాణ్ణి. మా దగ్గర గొట్టాలు కడిగే ఎల్లమ్మ కూడా అక్కడే ఉండేది. పాలమూరు నుంచి కొత్తగా వచ్చింది, తెలుగు తప్ప మరో భాష రాదు, ఉద్యోగం తాత్కాలికం. ఒకరోజు అడిగింది:

"అన్నా, మా పోరికి తల్లి పోసి పది దినాలాయె. గడపకు యాపమండ ఇంకా తియ్యలే. మా ఇంట్లనే ఉండే మరిదిని రక్తానికి తోల్కరావాల్నా, వద్దా?"

"ఆయనకేం లేదు గద చెల్లె, తోల్కరా" అన్నాను. రిజిస్టర్‌లో ‘ఇంట్లో జబ్బు’ గడిలో ‘లేదు’ అని రాశాను. తల్లి అని పిలిచే ఆటలమ్మను మావాళ్లు జబ్బు అనరు. నా చెయ్యీ అనలేదు.

మరిది రక్తంతో చేసిన, వైరస్ వేయని నమూనాలో చిక్కటి చార వచ్చింది. గొట్టాలు సరిగా కడగలేదేమోనని విభాగాధిపతి ఎల్లమ్మను పిలిపించి మరాఠీలో అడిగారు. మధ్యలో దుబాసీని నేను. గొట్టాలు మంచిగనే కడిగానని, ఇంట్లో తల్లి ఉందని అన్నకు ముందే చెప్పానని ఆమె అంది. మొదటి ముక్కే మరాఠీలోకి మార్చాను. రెండోది చెబితే రిజిస్టర్ తెరవాల్సి వచ్చేది.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. పోతూ నన్ను అడిగింది: "మరాఠీల నా మాట గింత చిన్నగైతదా అన్నా?"

మర్నాడు మరిదికి పొక్కులు లేచాయి. ఫిల్మ్ మళ్లీ తీసి చూశాను. రక్తమిచ్చిన నాడే వైరస్ ఆయన ఒంట్లో ఉండి, మేం ఏమీ కలపకముందే ప్రొటీన్లు ఎన్‌హాన్సర్‌ను పట్టుకుని ఉండాలి. తేల్చాలంటే మళ్లీ పరీక్ష చేయాలి, దానికి కారణం చెప్పాలి. చెప్పలేదు. నమూనాను ‘కల్తీ’ అని రాసి పారేశాం.

తర్వాత రిజిస్టర్‌లో ‘గడపకు వేపమండ ఉందా?’ అన్న గడి చేర్చాను. మంచి ఆలోచనని మెచ్చుకున్నారు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఇది రాస్తున్నాను. పోలిక నమూనా తప్పిందనిపిస్తే, గొట్టం కడిగినవాళ్లకన్నా ముందు వివరాలు రాసినవాణ్ణి అడగాలి. ఆ గొట్టాలు శుభ్రంగానే ఉన్నాయి.