విమానాల పండగకి పది రోజుల ముందు

మోపెడ్ వాడు మూడు కిలోమీటర్ల నుంచీ వదలడం లేదు. హారన్ కొడతాడు, పక్కకి వచ్చి చెయ్యి ఊపుతాడు, వెనకబడతాడు, మళ్ళీ హారన్. వ్యాను నడుపుతున్న టింకరింగ్ మేస్త్రి అద్దంలో వాణ్ణి చూసి పళ్ళు కొరికాడు. దారి ఇస్తే పోడు, ఇవ్వకపోతే ఊరుకోడు.

ఆ రోజు కుటుంబమంతా వెళ్తున్నది విమానాల పండగకి కాదు. దానికింకా పది రోజులుంది. ఇది ఆ ఎయిర్ షోకి ట్రయల్, మైదానం దాకా ఒకసారి వెళ్ళి చూసి రావడం. మేస్త్రి పని తీరే అలాంటిది. ఏ బండికైనా కొత్త డోరు పెట్టేటప్పుడు ముందు ఊరికే ఆనించి, మూసి, తెరిచి, సందులు చూసుకుని ఆ తర్వాతే బిగిస్తాడు. కుటుంబాన్ని కూడా అలాగే ఆనించి చూద్దామనుకున్నాడు. ఎన్నింటికి బయల్దేరాలి, వ్యాను ఎక్కడ ఆపాలి, ఎండ ఎటు నుంచి కొడుతుంది, చిన్నకూతురికి అర్జెంటైతే ఎటు పరిగెత్తాలి, అన్నీ ఒక అట్టముక్క మీద రాసి ఎదురుగా పెట్టుకున్నాడు. పెళ్ళిచూపులకి ఒక్కసారి వచ్చి తలూపి వెళ్ళిపోయిన అల్లుడు రేకు పక్షుల్ని చూడటానికి మాత్రం రెండుసార్లు వస్తున్నాడని వెనక సీట్లో అత్తగారు సణిగింది. ముందు సీట్లో ఉన్న భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఎగరాలన్న పిచ్చి ఇవాళ్టిది కాదు. ఏ దేశపు పాత పుస్తకం తిరగేసినా చేతులకి ఈకలు కట్టుకుని బురుజు మీంచి దూకినవాడొకడు తగులుతాడు. వాడి కాళ్ళెలా విరిగాయో రాస్తారు గానీ, కింద నిలబడి చూసిన వాడి పిల్లల మాట ఎవరూ రాయరు.

మేస్త్రికి విమానాల మీద మోజు లేదు. ఆ మోజు పెద్దకూతురిది. పదమూడేళ్ళ పిల్ల, మేడ మీద కళ్ళు మూసుకుని పడుకుని, పైన పోయేదానికి ఎన్ని ఇంజన్లో చప్పుడు విని చెప్పేస్తుంది. మూడు నెలల కిందట ఆ పిల్ల స్కూలు నుంచి వస్తూ మరో చప్పుడు కూడా విన్నది. షెడ్డుకి అడ్డంగా కారు పెట్టినవాడితో మాటామాటా పెరిగి, మేస్త్రి వాడి చేతిని డోరు సందులో పెట్టి డోరు వేశాడు. ఎముక పటుక్కుమంది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది.

మేస్త్రికి తన్నడం వింత కాదు. మేనమామ షెడ్డులో పని నేర్చాడు. సుత్తి దెబ్బ వంకర పోతే మామ నోటితో చెప్పేవాడు కాదు, ఫ్యాను బెల్టుతో వీపు మీద చెప్పేవాడు. కొడితే రేకు దారికొస్తుంది కాబట్టి మనుషులూ వస్తారని ఆ షెడ్డులో అందరూ నమ్మారు.

పెద్దది తల్లి చేత కబురు పంపింది. పండగ దాకా ఎవరి మీదా చెయ్యెత్తకపోతే అందరం కలిసి వెళ్దాం, ఎత్తితే నాన్న రాకూడదు. మేస్త్రి ఒప్పుకున్నాడు. ఎనభై రెండు రోజులు మాట మీద నిలబడ్డాడు కూడా. ఒళ్ళు మండినప్పుడల్లా షెడ్డు వెనక్కి పోయి, పనికిరాని బానెట్టు ఒకదాన్ని చేతులు చచ్చుబడేదాకా బాదేవాడు. దాన్నిప్పుడు చూస్తే నమిలి ఉమ్మిన చెరుకు పిప్పిలా ఉంటుంది.

ఆ ఉదయం వ్యాను ఎక్కుతూ పెద్దది అడిగింది: “రన్‌వేకి ఎంత దూరంలో కూర్చుంటాం నాన్నా?”

మూడు నెలల తర్వాత ఆ పిల్ల మేస్త్రితో అన్న మొదటి మాట అది. చేతులు చాపి ఇంత అని చూపించబోయాడు. అది బారెడే అయింది. పిల్ల నవ్వింది.

రైలు గేటు పడి వ్యాను ఆగింది. మోపెడ్ వెనకే వచ్చి ఆగింది. దిగినవాడు అరవై దాటిన దర్జీ, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. వ్యాను వెనక డోరు మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టాడు. కాస్త ఆగి, పక్కన ఇంకో చోట రెండుసార్లు.

మరెవరైనా అయితే ఎవరో పిలుస్తున్నారనుకుంటారు. టింకరింగ్ వాళ్ళు అలా అనుకోరు. సొట్ట తీయడం చేతకానివాడు గుంటలో లప్పం నింపి పైన పెయింటు కొడతాడు. ఆ మోసం పట్టుకోవడానికి వేలి కణుపులతో అక్కడా ఇక్కడా కొట్టి చప్పుడు పోల్చి చూస్తారు. ఒకడి పనిని వాడి ముందే అలా కొట్టి చూడటం ముఖాన ఉమ్మడంతో సమానం. ఈ వ్యాను తుక్కులో ఉన్నప్పుడు తెచ్చి, పండగ కోసమే రెండు నెలలు కొట్టి నిలబెట్టాడు మేస్త్రి. చెంచాడు లప్పం కూడా వాడలేదు. అలాంటిదాన్ని కూతుళ్ళ ముందు కొట్టి చూస్తాడా వీడు.

ఎప్పుడు దిగాడో మేస్త్రికే తెలీదు. ముసలాయన ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. గుద్దు ఆ నోటి మీదే పడింది. ముందు పన్ను పెదవిని చీల్చుకుని బయటికొచ్చింది. కింద పడ్డవాణ్ణి కాలరు పట్టి లేపి బంపరుకేసి కొట్టాడు, డొక్కలో తన్నాడు. భార్య వచ్చి భుజం పట్టుకుంటే విదిలించేశాడు. నోటి నిండా నెత్తురుతో ముసలాయన డోరు వైపు చెయ్యి చాచాడు. రాడ్డేదో అందుకోబోతున్నాడనుకుని మేస్త్రి ఆ చేతిని బూటుతో తొక్కాడు. సూది పట్టే వేళ్ళు తారు మీద నలిగాయి.

డోరు దానంతటదే తెరుచుకుంది. దానికి వీపు ఆనించి కూర్చున్న చిన్నకూతురు వెల్లకిలా ముసలాయన మీద పడింది. ఆయన రెండో చేత్తో పాప తల నేలకి తగలకుండా పట్టుకున్నాడు.

“గడియ పడలేదు బాబూ,” అన్నాడు, నెత్తురు మింగుతూ. “పాప ఆనుకునుంది. అందుకే తీయలేదు, కొట్టాను.”

మేస్త్రి లాకు చూశాడు. ట్రయల్ అయ్యాక బిగిద్దామని రెండు స్క్రూలు తనే వదులుగా వదిలాడు.

గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు మొదలెట్టాయి. అత్తగారు తన తువ్వాలు ముసలాయన నోటికి అదిమింది. పెద్దది ఆయన్ని చంకలో చెయ్యి వేసి లేపి సీట్లో కూర్చోబెట్టింది.

“అమ్మా, ఆస్పత్రికి వెళ్దాం. నువ్వు నడుపు,” అంది. రోజూ స్కూలు వ్యాను నడిపే మనిషికి ఇదొక లెక్క కాదు. మేస్త్రి ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి భార్య చెయ్యి చాపింది.

“తాళం ఇవ్వు. పండగకి మేం నలుగురం వెళ్తాం.”

ఇచ్చాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, రెండు స్క్రూలూ బిగించి, డోరు మూసి, లాగి చూశాడు. గట్టిగా పడింది. అద్దం అవతల చిన్నది చెయ్యి ఊపబోయి అక్క వైపు చూసి ఆగిపోయింది. వ్యాను కదిలాక మేస్త్రి మోపెడ్‌ని రోడ్డు పక్కకి తోసి స్టాండు వేసి, హారన్లు కొడుతున్న బండ్ల వరసకి ఎదురుగా, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు.