పెద్దింటమ్మ ఒంటి వాసన

కొల్లేటి మధ్య లంకలో పుట్టి, ఆ లంకలోనే సత్తియ్యని చేసుకుని కాపురం పెట్టిన మనిషి పెద్దింటమ్మ. సత్తియ్య తాటిదోనె మీద వెళ్లి, మావులనే వెదురు బుట్టలు నీళ్లలో పెట్టి చేపలు పట్టేవాడు. తెచ్చినవాటిని ఆమె గీకి, చీల్చి, ఉప్పు రాసి తాటాకు చాపల మీద ఎండబెట్టేది. అక్కడ గాలికీ, గుడ్డలకీ, గుడిసె తడికలకీ, మనుషుల తలలకీ ఒకటే వాసన. అందుకని తన ఒంటికి వాసనంటూ ఒకటి ఉందని పెళ్లయి కొడుకు పుట్టేదాకా ఆమెకి తెలియదు. ఆ సంగతి ఏలూరు ఆసుపత్రిలో తెలిసింది.

అది పంతొమ్మిది వందల యాభై మూడు. వరదలకి కొల్లేరు పొంగి లంక మునిగింది. నీళ్లు తీశాక జ్వరాలు పట్టుకున్నాయి. నెల నిండని కొడుకుని ఒళ్లో పెట్టుకుని, తనూ జ్వరంతో వణికిపోతూ, దోనెలో కొంత దూరం, ఎడ్లబండిలో కొంత దూరం ప్రయాణం చేసి ఏలూరు చేరేసరికి పిల్లవాడిలో ఊపిరి లేదు. సత్తియ్య బిడ్డని గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆమెని మంచం మీద పడుకోబెట్టారు. జ్వరం దిగింది కానీ పాలు ఆగలేదు. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, చెయ్యి తగిలితే ప్రాణం పోయినట్టుండేది. గోడవైపు తిరిగి గిన్నెలోకి పాలు పిండుకునేది. వాటిని పారబొయ్యటానికి చేతులు రాక, గిన్నె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేది.

పక్క మంచం మీద తాడేపల్లిగూడెం కిరాణా వర్తకుడు మల్లేశ్వరరావు గారి కోడలు ఉమామహేశ్వరి ఉంది. తొలి కాన్పు, ఆడపిల్ల. పురిట్లో జబ్బు చేసి ఆమెకి పాలు పడలేదు. ఆవుపాలు పడితే పిల్ల కక్కేసేది, డబ్బా పాలు పడితే విరేచనాలు. అమ్మాజీ అని ముద్దుగా పిలుస్తున్న ఆ పిల్ల ఏడుపు రోజురోజుకీ సన్నబడిపోతోంది.

ఆ ఆసుపత్రి డాక్టరమ్మ తెల్లావిడ. ఒకరోజు పొద్దున్నే వచ్చి పిల్ల నాడి చూసి, పెద్దింటమ్మ ఒళ్లో ఉన్న గిన్నె చూసి, "ఈమె పాలు పట్టించండి" అంది.

ఉమామహేశ్వరి అత్తగారు సుబ్బలక్ష్మి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "రామరామ! ఆ మనిషి పక్కన కూర్చుంటేనే కడుపులో తిప్పేస్తోందండీ. చేపలు తినే ఒళ్లండి అది. ఆ నీచు కంపు మా పిల్లకెలా పడుతుందండీ?"

పెద్దింటమ్మకి మొదట అర్థం కాలేదు. ఎవరి గురించి అంటున్నారో అని అటూ ఇటూ చూసింది. తన గురించేనని తెలిశాక చీర దగ్గరికి లాక్కుని మంచం చివరికి జరిగింది.

డాక్టరమ్మ నెమ్మదిగా, పుస్తకం చదివినట్టుగా మాట్లాడేది. "నేను ఈ దేశమునకు వచ్చిన కొత్తలో మా వంటావిడ నా బట్టలు ముట్టుకునేది కాదు. నా చెమట పులిసిన వెన్న కంపు అని అందరితో చెప్పింది. నాకు ఆమె తలనూనె వాసన పడేది కాదు. అమ్మా, పాపకి కూడా ముక్కు ఉన్నది. పాపని అడుగుదాము."

పిల్లని తెచ్చి పెద్దింటమ్మ ఒళ్లో వేసింది. అమ్మాజీ ముక్కు అటూ ఇటూ ఆనించి, దొరకబుచ్చుకుని, గుటకలు వినిపించేలా తాగింది. పెద్దింటమ్మ కళ్లు మూసుకుంది. నొప్పి దిగిపోతున్న సుఖానికి సిగ్గుపడి, చచ్చిపోయిన కొడుకు గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. పిల్ల మాత్రం వదల్లేదు.

సుబ్బలక్ష్మి ముక్కు మీంచి కొంగు తియ్యకుండానే ఒప్పుకుంది. పిల్లకి అన్నం ముట్టించేదాకా పాలివ్వటానికి పెద్దింటమ్మని గూడెం తీసుకెళ్లేటట్టు ఒప్పందమైంది. సత్తియ్య వచ్చి విని, "పోనీ ఎల్లు. ఇంటికొస్తే ఖాళీ ఉయ్యాల చూసి చచ్చిపోతావు" అన్నాడు.

గూడెంలో వాళ్ల ఇల్లు బజారు వీధిలో ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. పెరట్లో ఆవుల పాక పక్క వసారాలో ఆమెకి చాప వేశారు. చేప మాట ఎత్తకూడదు. పాలిచ్చే ముందు ప్రతిసారీ సున్నిపిండితో ఒళ్లు రుద్దుకుని స్నానం చెయ్యాలి, వాళ్లిచ్చిన చీరే కట్టాలి. ఆమెకి ఆ ఇల్లంతా ఇంగువ కంపు కొట్టేది. వాళ్లు మురిపెంగా తినే పోపు వాసనకి మొదట్లో పాక వెనక్కి వెళ్లి వాంతి చేసుకుంది. ఆ మాట ఎవరితో అంటుంది? ముక్కు మూసుకునే హక్కు ఆ ఇంట్లో ఆమెకి లేదు.

అమ్మాజీ ఒళ్లు చేసింది. పాలు తాగాక పెద్దింటమ్మ చంకలోకి ముక్కు దూర్చి నిద్రపోయేది. ఎంత రుద్దుకున్నా అక్కడ ఏదో కాస్త మిగిలేది కాబోలు, పిల్ల దాన్నే వెతుక్కునేది. దాంతో పెద్దింటమ్మకి ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. ఒకరోజు నోముకి వచ్చిన చుట్టాలావిడ పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకోబోయి తల వెనక్కి తీసుకుంది. "ఏమిటి వదినా, దీని నెత్తి నీచు వాసనేస్తోంది?" అంది పదిమందిలో. సుబ్బలక్ష్మి మొహం మాడిపోయింది.

మర్నాడే ఆమె పెరట్లోకి వచ్చి, "ఏమే పెద్దింటమ్మా, పిల్లకి అంటిపోయిందే నీ కంపు. ఇక చాలు. మీ ఊరెళ్లిపో" అంది.

"అమ్మగోరూ, ఇంకా అన్నం ముట్టించలేదండి. పిల్ల ఇంకోళ్ల దగ్గర తాగదండి. నేను ఇంకా గట్టిగా రుద్దుకుంటానండి. మీ కాళ్లట్టుకుంటాను."

"ఎంత రుద్దితే పోతుందే అది? పుట్టుకతో వచ్చిందాయె."

పెద్దింటమ్మ నూతి దగ్గరికి పరిగెత్తింది. అక్కడ పడున్న ఇటుక ముక్క తీసుకుని చేతులు, మెడ, గుండెలు రుద్దుకుంది. తోలు లేచి నెత్తురొచ్చినా ఆపలేదు. ఒక్కో చోటా రుద్ది వాసన చూసుకునేది. ఆమెకి ఏ వాసనా తెలియలేదు. ఎక్కడుందో తెలియనిదాన్ని ఎలా తీసెయ్యాలో తెలియక మళ్లీ రుద్దేది. ఉమామహేశ్వరి చూసి వచ్చి చేతిలో ఇటుక లాగేసింది.

"చంపుకుంటావా ఏమిటి!"

"మీరు చెప్పండమ్మా. ఏ పక్కనుందో చెప్పండి. అక్కడే రుద్దుకుంటాను."

ఉమామహేశ్వరికి ఏడుపొచ్చింది. "నాకు తెలియటం లేదు పెద్దింటమ్మా. మొదట్లో తెలిసేది, ఇప్పుడు తెలియదు. కానీ అత్తయ్యగారికి నేనెదురు చెప్పలేను."

వెళ్లే ముందు ఆమె వసారాలోకి వచ్చి, గొంతు తగ్గించి, "నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి ఇచ్చి వెళ్లు. ఉతక్కు" అంది. పెద్దింటమ్మ మూట విప్పి ఒకటి తీసింది. ఇచ్చి, పిల్ల నిద్ర లేవకముందే స్టేషనుకి నడిచింది.

లంకలో దోనె దిగగానే సత్తియ్య ఆమె భుజం మీద చెయ్యేసి ఆగిపోయాడు. "ఏటే, షావుకారు కొట్టు వాసనేస్తన్నావు!" అని నవ్వాడు. ఆమె రేవులోనే కూలబడి ఏడ్చింది. వారం తిరక్కుండా పాలు ఇంకిపోయాయి. తరవాత ఒకసారి కడుపు పోయింది. మళ్లీ నిలవలేదు.

కొన్నేళ్లకి పెద్దింటమ్మ ఉంగుటూరు సంతలో ఎండుచేపలు అమ్మటం మొదలుపెట్టింది. గూడెం అక్కడికి దగ్గరే. రైలు ఆ వైపు పోతుంటే ప్రతి సంతరోజూ మనసు పీకేది. యాభై ఎనిమిది వేసవిలో ఇక ఉండబట్టలేక, తన తట్టని, సంతలో పక్కన కూర్చునే మరియమ్మకి అప్పజెప్పింది. కాలవలో సబ్బుతో తల రుద్దుకుని, ఉతికిన చీర కట్టి, కొప్పులో మల్లెపూలు తురుముకుని రైలెక్కింది.

బజారు వీధిలో ఆ ఇంటి అరుగు మీద ఒక పిల్ల గచ్చకాయలు ఆడుతోంది. కనుబొమలు చూడగానే పోల్చుకుంది. దగ్గరికి వెళ్లి చేతులు చాపి, "అమ్మాజీ తల్లీ" అంది.

పిల్ల తలెత్తి చూసింది. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా పట్టుకుంది. "చీ! నీచు కంపు! నానమ్మా, చేపలమ్మి వచ్చింది!" అని లోపలికి పరిగెత్తింది.

ఆ కేక విని ఉమామహేశ్వరి బయటికొచ్చింది. మెట్ల కింద నిలబడ్డ మనిషిని చూసి తెల్లబోయింది. వెనక్కి తిరిగి కూతురి మీదికి చెయ్యెత్తింది.

"కొట్టకండమ్మా," అంది పెద్దింటమ్మ. "దానికేం తెలుసు. మీ ఇంట్లో ఏది వాసనంటే దానికదే వాసన."

ఉమామహేశ్వరి మెట్లు దిగి వచ్చింది. "నువ్వెళ్లాక పిల్ల పాలు ముట్టకుండా ఏడ్చింది. నీ చీర పక్కలో వేస్తే దాంట్లో మొహం పెట్టుకుని పడుకునేది. అలా చాలా రోజులు లాక్కొచ్చాను. తరవాత అత్తయ్యగారు చూసి పొయ్యిలో పెట్టించేశారు" అంది. ఆమె కళ్లు నేల చూస్తున్నాయి. "లోపలికి రా అనాలని ఉంది పెద్దింటమ్మా."

"తెలుసమ్మా."

పెద్దింటమ్మ తిరిగి నడిచింది. స్టేషనుకి వెళ్లాల్సిన మనిషి దారి తప్పి కాలవ గట్టుకి చేరింది. రేవులోకి దిగి మెడలోతు నీళ్లలో నిలబడింది. కొల్లేట్లో పుట్టిన మనిషి, ఈదకుండా ఉండటం ఆమెకి చేతకాదు. అయినా కాళ్లు చేతులు కదపకుండా ఒళ్లు నీళ్లలోకి వదిలేసి చూసింది. కొప్పులో మల్లెపూలు విడిపోయి నీళ్ల మీద తేలిపోయాయి. బట్టలుతికే మనిషి గట్టు మీంచి, "ఏవండీ, అక్కడ లోతండీ! ఇవతలికి రండీ!" అని అరిచింది. రెండోసారి అరిచాక పెద్దింటమ్మ ఒడ్డుకి వచ్చింది.

తడి బట్టలతో ఉంగుటూరు చేరేసరికి సంత ఎత్తేస్తున్నారు. మరియమ్మ ఆమె మొహం చూసి, తట్ట ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది.

మరుసటి ఏడు ఉమామహేశ్వరి వాకబు చేసి ఉంగుటూరు సంతకి మనిషిని పంపింది, అమ్మాజీని బళ్లో వేస్తున్నాం, చూసి దీవించి వెళ్లమని. పెద్దింటమ్మ ఆ మనిషికి తాగటానికి మంచినీళ్లిచ్చింది. "నాకు ఒంట్లో బాలేదని చెప్పండి బాబూ. పిల్ల చల్లగా ఉండాలన్నానని చెప్పండి" అంది. అతను వెళ్లిపోయాక తట్ట మీద వాలిన ఈగలు తోలుకుంటూ, సరుకు అమ్ముడుపోయేదాకా సంతలోనే కూర్చుంది.