ఉడుత పిల్ల కోసం ముందే అనేసిన ఆమేన్

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం ప్రార్థన కూటం మా ఇంటి వంతు వచ్చిందంటే, కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని మా ఒక్క గదిలో ఇరవై మంది మోకాలికి మోకాలు తగిలేలా చాపల మీద కూర్చునేవాళ్ళు. సగం మంది నాన్నతో పాటు రేవులో పనిచేసేవాళ్ళే.

ఆఖరి ప్రార్థన మా మామ్మది. నాన్న వాళ్ళమ్మ. ఆవిడ మొదలుపెట్టిందంటే... శ్రీకాకుళం చుట్టాలందరినీ పేరుపేరునా తలుచుకుని, రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగి, అక్కడి రైల్వే బంధువుల బాగోగులన్నీ దేవుడికి చెప్పి, వాట్‌గంజ్ మీదుగా మా ఇంటికొచ్చి, చివరికి బడ్జ్ బడ్జ్ ఊళ్ళో ఉండే మేనత్త దగ్గర ఆగేది. అంతసేపూ కళ్ళు తెరవకూడదు. తెరిస్తే వీపు విమానం మోతే!

నేను తెరిచేదాన్ని. ఒక్క కన్నే... మూలనున్న పకోడీల పళ్ళెం భద్రంగా ఉందో లేదో చూసుకోవాలి కదా మరి!

ఆ రోజు అలా చూస్తుంటే మా పిల్లి మినీ గుమ్మంలోంచి వచ్చింది. నోట్లో ఏదో వేలాడుతోంది. చూద్దును కదా... ఉడుత పిల్ల! బతికే ఉంది, కాళ్ళు కొట్టుకుంటోంది.

మినీ దాన్ని చాప మధ్యలో దించి, ముందు కాలితో ఒకటి తట్టింది. అది పాకబోతే మళ్ళీ కరుచుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. లేద్దామంటే మధ్యలో అందరి మోకాళ్ళు. అరుద్దామంటే ప్రార్థన. మామ్మ చూస్తే ఇంకా ఖరగ్‌పూర్ చిన్నాన్న నడుం నొప్పి దగ్గరే ఉంది... ఆవిడ బడ్జ్ బడ్జ్ చేరేసరికి ఈ పిల్ల తోక కూడా మిగలదు.

ఇంకేం ఆలోచించలేదు. ఉన్న ఊపిరంతా పీల్చి "ఆమేన్!" అని అరిచాను.

అలవాటు చూడండి... ఎవరన్నారో, ఎందుకన్నారో ఎవరికీ పట్టలేదు. ఇరవై గొంతులూ ఒక్కసారే "ఆమేన్!" అన్నాయి. రేవులో క్రేన్ల చప్పుడు మీంచి కేకలేసే గొంతులవి. మినీ అదిరిపడి, పిల్లను వదిలేసి, ఒక్క గెంతులో బీరువా ఎక్కేసింది. ఉడుత పిల్ల దొరికిన సందులోకి దూరిపోయింది. ఆ సందు మా పాస్టరు అయ్యగారి పంచె.

ఆ రోజు అయ్యగారి ప్రసంగం ధైర్యం గురించి. ఆయన మంచమెక్కి నిలబడి "బాబోయ్, ఏటిది! తీయండర్రా!" అని గంతులేస్తుంటే, నాన్న ఆ పంచె దులిపి పిల్లను తువ్వాల్లో పట్టుకున్నాడు. అందరూ ఒకటే నవ్వు.

మామ్మ ఒక్కతే కళ్ళు మూసుకుని ఉంది.

"ఆమేనని ఎవులన్నారు? నానింకా బడ్జ్ బడ్జ్ రానేదు!"

అందరూ నా వైపు చూశారు. ఇక దెబ్బలు తప్పవని, తువ్వాలు తీసుకెళ్ళి మామ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడ కళ్ళు తెరిచి చూసింది... గుప్పెడంత పిల్ల, గజగజ వణుకుతోంది.

"ఒలే గుంటా, కాసింత దూది అట్టుకురా" అంది. అంతే.

మర్నాడు ఆదివారం. మామ్మ ఆరాధన మానడం నేనెప్పుడూ చూడలేదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చేది. అలాంటిది ఆ పొద్దున, పైన వెంటిలేటర్‌లో ఉడుత గూడుంటే దాని కింద కిటికీ మీద పిల్ల ఉన్న బుట్ట పెట్టి, "మీరెల్లండి, నానుండిపోతాను" అంది.

"అయ్యగారు అడిగితే ఏం చెప్పను మామ్మా?"

"పనుందని సెప్పు."

తిరిగొచ్చేసరికి మామ్మ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మినీ! చీర చెంగులో చంటిపిల్లలా బిగించి చుట్టేసింది, మొహం ఒక్కటే బయటికుంది. పిల్లి గారికి పట్టరాని కోపం. బుట్టలో దూది తప్ప ఏమీ లేదు.

"తల్లొచ్చి అట్టుకెల్లిపోనాదే" అంది మామ్మ ముక్కు చీదుకుంటూ. "ముందు నన్ను సూసి బెదిరిపోనాది. అయినా మల్లీ ఒచ్చింది... తల్లి కదా!"

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పటికీ కోల్‌కతాలోనే, ఓ ఫ్లాట్‌లో ఉంటున్నాను. పోయిన నెల మా బాల్కనీలో పావురం పిల్ల పడి ఉంది... పక్కింటి పిల్లి గోడ మీద కాచుకుని కూర్చుంది. నాకేమో ఆఫీసులో మీటింగు. "కాస్త చూడు దాదా" అని వాచ్‌మన్‌కి ఫోన్‌లో చెప్పేసి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే పిల్ల లేదు. ఏమైందని దాదాని అడగడానికి నోరు రాలేదు.

పనులన్నీ మానుకుని ఓ చిన్న ప్రాణం కోసం కూర్చున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి చెప్పండి, ఇవాళ వినాలనుంది. మా మామ్మ ఆదివారం ఆరాధన మానేసింది. నేను ఒక్క మీటింగు మానలేకపోయాను.