మార్జిన్‌లో రాసిన మావయ్య

మావయ్య పోయాడని రాయపూర్ నుంచి అత్త ఫోన్ చేసింది. ఏడవలేదు. "పొద్దున్నే టీ తాగి, కప్పు కింద పెట్టి, అలాగే ఒరిగిపోనాడే. నువ్వు రా" అంది. బొంబాయిలో రైలెక్కి మర్నాడు చేరేసరికి ఇంటి ముందు ఇంతెత్తు పూలచక్రం ఒకటి నిలబెట్టి ఉంది. దానికో రిబ్బను. రిబ్బను మీద హిందీలో "మా కుటుంబ సభ్యుడికి కన్నీటి వీడ్కోలు" అనీ, కింద ఫ్యాక్టరీ పేరూ. నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్యను ఆ ఫ్యాక్టరీ గేటు బయటికి గెంటి నాలుగేళ్లయింది. కుటుంబ సభ్యుడట! సిగ్గులేని మనుషులు. దాన్ని ఈడ్చుకెళ్లి మురిక్కాలవలో పడేశాను. అందరూ చూశారు. చూడనీ.

మావయ్య మా అమ్మ తమ్ముడు. మా తాత రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి రావడంతో మేమంతా రాయపూర్ వాళ్లమయ్యాం. మావయ్య ఊరి బయట సిల్తారాలో, ఇనుప రాయిని బట్టీల్లో కాల్చి ఇనుము తీసే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఫోర్‌మన్. ఇనుము కనిపిస్తే చాలు, వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు. పక్కింటి గేటు, బస్సు సీటు, మా అమ్మ పెనం, ఏదీ వదిలేవాడు కాదు. నేను ఎంబీఏ ముగించి బొంబాయిలో మర్చంట్ బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు, ట్రంకు పెట్టె కొనడానికి గోల్ బజార్ తీసుకెళ్లాడు. కొట్లో ఉన్న పెట్టెలన్నీ వాయించాడు. "కొనండి బాబూజీ, తబలా ఆపండి" అని కొట్టువాడు విసుక్కున్నా ఆపలేదు. చివరికి ఒకటి నచ్చింది. "ఇది సొట్టపోదే కోడలా. నువ్వూ సొట్టపోకు" అన్నాడు.

ఆ రోజుల్లో మర్చంట్ బ్యాంకంటే మా కాలనీలో ఎవరికీ తెలియదు. "బ్యాంకంటున్నావు, కౌంటర్ నేదంటున్నావు. మరేటి చేస్తావే?" అని అడిగాడు మావయ్య. ఫ్యాక్టరీలు జనానికి షేర్లు అమ్ముకోవాలంటే ముందు మేం వెళ్లి చూసి, ఉన్నదున్నట్టు రాసిస్తామని, ఆ రాత నమ్మి జనం డబ్బు పెడతారని చెప్పాను. "ఓస్, ఇంతేనా! నా పనే. బట్టీ సూసి రిపోర్టు రాయడమే కదా" అని తేల్చేశాడు. అంత పెద్ద చదువు చదివి ఆయన పనే చేయబోతున్నానని తెగ సంబరపడ్డాడు.

ఆరు నెలలు తిరక్కుండానే మా సీనియర్‌తో కలిపి నన్ను రాయపూర్ పంపారు. చూడాల్సింది మావయ్య ఫ్యాక్టరీనే. ముందురోజు సాయంత్రం మావయ్య ఇంటికెళితే, సాసర్‌లో టీ పోసుకుని ఊదుతూ చెప్పాడు. "సాఫ్ చెప్తన్నాను విను. రెండో బట్టీ ఇంతవరకూ వెలగనేదు. రేపు మీరొస్తారని టైర్లు కాల్చి పొగ పెడతారు. నువ్వు పొగ సూడకు. సైకిల్ స్టాండ్ సూడు."

అలాగే జరిగింది. రెండో చిమ్నీ నుంచి నల్లటి పొగ. మా సీనియర్ జీడిపప్పు నములుతూ "వాహ్" అన్నాడు. షిఫ్టుకు మూడొందల మంది పనిచేస్తారని మేనేజర్ చెప్పాడు. నేను బాత్రూమ్ అని చెప్పి బయటికొచ్చి స్టాండ్‌లో సైకిళ్లు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

మా బ్యాంకులో కొత్తవాళ్లకు మొదటి రోజే ఒక నియమం నూరిపోస్తారు. రిపోర్టులో ప్రతి వాక్యం పక్కనా, ఆ సంగతి ఎలా తెలిసిందో మార్జిన్‌లో రాయాలి. "రెండో బట్టీ నడవడం లేదు" అని రాశాను. పక్కన మార్జిన్‌లో "షిఫ్ట్ ఫోర్‌మన్, మా మావయ్య" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ చిత్తుప్రతి సరిచూడమని ఫ్యాక్టరీ వాళ్లకే పంపుతారు. అది నాకు తెలుసు. కానీ రాసేటప్పుడు ఆలోచించలేదు.

తిరిగొచ్చిన కాగితంలో నా వాక్యం లేదు. "రెండో బట్టీ ఉత్పత్తికి సిద్ధంగా ఉంది" అని ఉంది. వారంలో మావయ్య ఉద్యోగం పోయింది. సీనియర్ దగ్గరికి వెళ్లి అరిచాను. "ఆ లైన్ తీసేశాం కదా, ఇంకా గొడవేంటి?" అన్నాడు వెధవ. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంట్ చేశారు. వాళ్ల మొహాన కొట్టి రావాల్సింది. రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మావయ్య ఉర్లాలో ఓ చిన్న వర్క్‌షాప్‌కు గేటు కాపలాకు చేరాడు. నేను వెళ్లి బావురుమంటే, "నువ్వు రాసింది నిజమా, అబద్ధమా?" అని అడిగాడు. నిజమేనన్నాను. "మరి ఏడుపెందుకే? టీ తాగు" అన్నాడు. అంతే. ఒక్క తిట్టు తిట్టలేదు. పైగా ఆ గేటు దగ్గర లారీ డ్రైవర్లందరికీ మా కోడలు బొంబాయిలో పెద్ద ఆఫీసరని చెప్పుకునేవాడట! తిట్టి ఉంటే తిట్లు తిని బయటపడేదాన్ని. అంత మంచితనం ఎవరడిగారు? పోయినవాడి మీద ఇంత కోపమేమిటని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి.

తొమ్మిదో రోజు సాయంత్రం, మర్నాటి భోజనాలకు అత్త గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం బాగుచేస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు" అంది. "సైకిళ్లు నువ్వే లెక్కెట్టినావు. నీ కళ్లతోనే సూసినావు. మరి ఆ పక్కన నీ పేరే రాసుకోవచ్చు కదే? ఆయన పేరెందుకు రాసినావు?"

నాలుగేళ్లుగా ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. మావయ్య కూడా. ఆలోచించలేదని అందరికీ చెబుతూ వచ్చాను. కాసేపటి క్రితం మీకూ అదే చెప్పాను. అబద్ధం. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాకే రాశాను.

"భయమేసింది అత్తా" అన్నాను. "నేనే చూశానని రాస్తే, నన్ను ఉద్యోగంలోంచి పంపేస్తారేమోనని."

అత్త తలెత్తలేదు. చేట ఆపలేదు. రాయి దొరికినప్పుడల్లా ఏరి, నా మీదుగా వీధిలోకి గట్టిగా విసురుతోంది.