గాల్లో దూలం, కింద హారతి

ఇప్పుడు మలేషియాలోని క్లాంగ్‌లో ఎటు తలెత్తినా క్రేన్లే. వాటిని చూస్తే ముసలి బంగారయ్యకు ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే పోయిన పెళ్లాం దేవుడమ్మ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లుతాయి.

మలయాలో కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో బాగన్ దాతుక్ కొబ్బరితోటలో, ముళ్లకంచె మధ్య కొలిచి పోసిన బియ్యంతో బతకలేక ఆలుమగలిద్దరూ క్లాంగ్ చేరారు. రేవు దగ్గర కొత్త గిడ్డంగి కడుతుంటే బంగారయ్యకు క్రేనుకు సైగలు చేసే పని దొరికింది. ఏం దర్జా అనుకున్నారు! పైన కూర్చుని క్రేను నడిపే మణియం ఇంకెవరి మాటా వినడు. బంగారయ్య చెయ్యి ఎటు చూపిస్తే ఇనుప దూలం అటు తిరగాలి. దొర పెట్టిన కట్టుబాటు అది. బరువు గాల్లో ఉండగా కింద ఎవరూ నిలబడకూడదన్నది ఇంకో కట్టుబాటు.

వాటిని మన బంగారయ్య అన్నం తింటూ కూడా వల్లించేవాడు. దేవుడమ్మ ఊ కొట్టేది. కానీ ఆమె చెవిన పడింది ఒక్కటే, ఆ ఇనుము మనుషుల మీద పడుతుందని.

మెర్డెకా, అదే మలయాకు స్వాతంత్ర్యం, వారంలోకి వచ్చింది. ఆఖరి దూలం లేచింది. తోటలో కొత్త బండి వచ్చినా హారతివ్వందే ముట్టుకోని జనం కదా, దేవుడమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని వస్తుంటే కూలీలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె తిన్నగా వెళ్లి వేలాడుతున్న దూలం కింద నిలబడి పళ్లెం తిప్పసాగింది.

బంగారయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యెత్తి మణియాన్ని ఆపాడు. ఈల ఊదాడు.

"ఓలే దేవుడీ, సచ్చిపోతావే! ఇవతలికి రా!"

ఆమె కదల్లేదు. హారతి సగంలో ఆపితే అరిష్టమని ఆమె భయం. ఇక కట్టుబాటూ లేదు, ఏమీ లేదు. బంగారయ్య తనే దూలం కిందికి పరుగెత్తి, రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. పళ్లెం బోర్లాపడి కర్పూరం బురదలో ఆరిపోయింది.

దూలం మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో అందరూ అతన్నే తిట్టారు. "హారతి పళ్లెం తన్నేసినావు లా, ఇదేం బుద్ధన్నా!" అని కూలీలు మలయా యాసలో ముఖం మీదే అన్నారు. ఆ దూలం పడినా బాగుండేదని అతనికి ఒక్క క్షణం అనిపించిందంటే చూడండి, ఎంత ఉడికిపోయాడో!

సాయంత్రం ఇంటికెళ్తే దేవుడమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

"అంతమందిలో నన్ను ఈడ్సినావు."

"ఎన్నిసార్లు సెప్పినానే నీకు? ఆ ఇనుముకి హారతేటి?"

"ఇనుముకెవులిచ్చినారు మావా? రోజూ నువ్వే గదా దాని కాడ ఉండేది. నీ మీద పడాల్సిందేటన్నా ఉంటే నా మీద పడమని మొక్కుకున్నాను."

బంగారయ్య కట్టుబాట్లన్నీ పూస గుచ్చినట్టు అప్పజెప్పాడు గానీ, దూలం కదిలినంతసేపూ తాను ఎడంగానే నిలబడతానన్న ఒక్క ముక్క పెళ్లానికి ఏనాడూ చెప్పలేదు.