పంపిన కారణం

విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో బ్యాంకుల మధ్య నడిచే సందేశాల పద్ధతి మారిపోయిందని, ఇప్పుడు పేరుకో గడి, ఊరికో గడి, పంపిన కారణానికి ఒక కోడు అని బ్యాంకులో పనిచేసే మా మేనకోడలు ఈమధ్య భోజనాల దగ్గర చెబుతుంటే, నాకు జగ్గయ్యపేట వదిన గుర్తొచ్చింది. అక్కడ నేను పనిచేసిన బ్యాంకు బ్రాంచి ఎదుట బట్టలు కుట్టేది. ముస్లింల ఇంటి కోడలు. వరస ఏమీ లేకపోయినా బ్రాంచి అంతా వదినా అనే పిలిచేవాళ్ళం. నేను నందిగామ నుంచి వచ్చి బస్సు దిగేసరికే ఆమె మిషను చప్పుడు వినబడుతుండేది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. ఎన్నిసార్లు చెప్పినా ఎడమ చెయ్యి కాస్త బిగుతుగానే వచ్చేది.

భర్త గల్ఫులో డ్రైవరు. ఒప్పందం ముగిసి వస్తాడనుకుంటే, ఈమెతో ఒక్కమాటైనా అనకుండా ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టేశాడు. ఆమె అతని ఫోను ఎత్తడం మానేసింది. డబ్బు మాత్రం నెలనెలా వస్తూనే ఉండేది. ఒక నెల అదీ ఖాతాలో పడలేదు. పంపిన కారణం అన్నచోట ఉన్న మాట అర్థం కావడం లేదు, ఖాతాదారుని అడిగి రాయండని ముంబయిలోని మా పై ఆఫీసు నుంచి నాకు ప్రశ్న వచ్చింది. అప్పట్లో ఆ చోట ఎవరికి తోచింది వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు. అందరూ ఇంటి ఖర్చులని రాసేవారు. ఈయన రాసినదాన్ని ముంబయిలో ఎవరో మనిషి పేరనుకున్నారో, సరుకు పేరనుకున్నారో.

వదినను పిలిపించి నేనే మెల్లగా చదివి వినిపించాను.

"కోపం తగ్గిందా."

"దీన్ని ఇంకా ఎవరైనా చదివారా మేడం?" అంది వదిన. గల్ఫులోనూ ముంబయిలోనూ చదివే ఉంటారన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. జవాబేం రాయమంటావని అడిగాను.

"తగ్గలేదని రాయండి."

అలా రాస్తే డబ్బు వెనక్కి పోతుంది తప్ప, ఆ మాట ఆయన దాకా చేరదని చెప్పాను. "మీకు తోచింది రాసుకోండి. ఆయనకి నేనే చెబుతా," అంది. ఇంటి ఖర్చులకని రాసి పంపాను.

మా వరండాలోనే నిలబడి ఫోను చేసింది. అద్దంలోంచి కనబడుతూనే ఉంది. ముందు అరిచింది, తర్వాత వింది, ఆ తర్వాత మా వైపు వీపు తిప్పేసుకుంది. ఆయన ముందుగా ఏమీ రాలేదు, రెండేళ్ళూ చేసే వచ్చాడు. ఇప్పుడు సిమెంటు లారీ తోలుతూ ఇంటి పట్టునే ఉంటున్నాడు. కళ్ళు మూసి తెరిచేలోగా గడిచిపోతాయని ఆ రోజుల్లో అందరం ఆమెకు చెప్పాం. గడిచాయి కూడా. కానీ తనకు చెప్పకుండా ఆయన పెట్టిన ఆ సంతకం మాట వస్తే మాత్రం వదిన ఇప్పటికీ నిన్నగాక మొన్న అనే అంటుంది.