ఆ శనివారం నేను బ్రేకు తొక్కినాను

మా కారు క్లబ్బులో ఆ కథ ఇట్ల చెప్పుకుంటారు: వానలో, స్పీడు మీద ఉన్నప్పుడు, ఆడమనిషికి భయమై బ్రేకు తొక్కడమే మర్చిపోయింది, కారు పోయి బురదలో దిగింది, ముందర స్వామి ఉండబట్టి బతికి బయటపడినారు. పెండ్లిళ్లలో కూడా నన్ను చూపించి మరీ చెప్తారు. చెప్పేవాళ్లలో సగం మంది ఆ పొద్దు ఆడ లేనే లేరు. ఉన్నవాళ్లు టెంటు కింద ఉప్మా తింటా ఉండిరి. కారులో ఉన్నది నేను, మాకు నేర్పించే క్లబ్బు పెద్దాయన, డ్యాష్‌బోర్డు మీద ఇత్తడి వెంకటేశ్వరస్వామి. స్వామి నోరు విప్పడు. పెద్దాయన విప్పింది చాలు. ఇంక నేను చెప్తాను.

నేను ఉండేది తిరుపతిలో, పాఠాలు చెప్పేది పాకాలలో. ఏండ్ల తరబడి ఆ దారిలో నా కారు నేనే నడుపుకుంటా పోతాను. ఒక వానాకాలం, రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి పోతానే చక్రాలు నేలను వదిలేసినాయి. స్టీరింగు తిప్పితే కారు వినలేదు. ఎదురుగా ఆటో, దాంట్లో బడిపిల్లోళ్లు. ఎట్ల తప్పించినానో నాకే తెలీదు. తప్పించినందుకు అందరూ మెచ్చుకున్నారు కానీ, ఎట్ల తప్పించినానో తెలీకపోవడమే నన్ను తినేసింది. ఇంకోసారి అట్లే అయితే ఏం చెయ్యాల? అది నేర్చుకుందామనే సత్యవేడు దాటినాక ఉన్న ప్రైవేటు ట్రాకులో మా క్లబ్బు పెట్టిన రెండు రోజుల స్కూలుకు పేరిచ్చినాను. కార్తీకమాసం ముసురు. తడి రోడ్డు మీద స్పీడుగా నడపడం, గట్టిగా ఆపడం నేర్పిస్తారు. శనివారం పెద్దాయన పక్కన కూర్చుని చూసి, సాయంత్రం చీటీ రాసిస్తాడు. చీటీ బాగుంటే ఆదివారం ఒంటరిగా ట్రాకంతా తిరగొచ్చు. నాకు కావాల్సింది ఆ ఒంటరి తిరుగుడే. పక్కన ఎవరూ లేకుండా, నా చేతులకే తెలియాల.

పొద్దున్నే పెద్దాయన గొడుగు కింద నిలబడి రూలు చదివినాడు. "బండిలో కదిలే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. నీళ్ల బాటిలు, చెప్పులు, కాలికింద మ్యాట్లు, స్టెప్నీ, జాకీ, అన్నీ దించేయండి. కాళ్ల కాడికి ఏదైనా దొర్లితే అంతే సంగతులు."

పదహారు కార్లలో సామాన్లు దించినారు. పదహారింటి మీదా స్వామి ఉన్నాడు. పదిహేనింటి మీద అట్లే ఉండిపోయినాడు. వస్తువుల లెక్కలో దేవుడెందుకు వస్తాడు? నేను ఒక్కదాన్నే గోటితో టేపు ఊడదీసి, అరచేతి మందం ఇత్తడి విగ్రహాన్ని చేతిగుడ్డలో చుట్టి, బ్యాగులో పెట్టి టెంటులో ఉంచినాను.

నా వంతు వచ్చింది. పెద్దాయన తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయినాడు.

"ఏమ్మా, స్వామి యాడ?"

"బ్యాగులో సార్. కదిలేవి తీసేయమంటిరి కదా."

"స్వామి కదిలే వస్తువా?"

"ఇత్తడే కదా సార్."

"నువ్వు చదువుకున్నదానివే కదమ్మా! శనివారం పూట స్వామిని దించేసిన బండిలో నేను కూర్చోను. పోయి తెచ్చుకో."

"టేపు తడిసిపోయింది సార్, పట్టదు."

"ఆయన్ని పట్టి నిలబెట్టేదానికి నీ టేపు కావల్నా?"

పక్క కారులోనోళ్లు నవ్వినారు. చీటీ రాసే చెయ్యి ఆయనది. నోరు మూసుకొని పోయి తెచ్చినాను. నేను నోరు మూసుకున్న రోజులు నా జన్మలో తక్కువ. ఇదొకటి. ఆయనే తీసుకొని, కండ్లకద్దుకొని, పాత టేపు మీద అదిమి పెట్టినాడు.

ట్రాకు మీద నీళ్లు పారతా ఉన్నాయి. ఎనభైలో పోయి, గట్టిగా బ్రేకు తొక్కి, వదిలి, ఎడమకు తిప్పి, మళ్లా యాక్సిలరేటరు తొక్కి, చివర నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్యలో ఆపాల. మొదటి బ్రేకు చక్కగా పడింది. పెడలు కాలికింద దడదడలాడింది, కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. "భేష్," అన్నాడు పెద్దాయన. ఆ మాట మాత్రం ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. అప్పుడే స్వామి ఊడి ముందు అద్దానికి తగిలినాడు. ఎడమకు తిప్పితే జారి నా పక్కకు వచ్చినాడు. స్పీడు పెంచితే వెనక్కి జారి, నా మోకాలికి తగిలి కింద పడినాడు. కోన్లు ముందరే ఉన్నాయి. తొక్కినాను. పెడలు సగం దిగి, రాయి మీద పడినట్టు నిలబడిపోయింది. ఎంత తొక్కినా అంతే. కోన్లు ఎగిరిపోయినాయి, గడ్డి దాటినాము, ముందు చక్రాలు బురదలో కూరుకుపోయినాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెద్దాయన నా పక్కకు వంగి, నా కాలు పక్కకు నెట్టి, పెడలు కింద ఇరుక్కున్న స్వామిని లాగి తీసినాడు. పంచెతో తుడిచి మళ్లా పైన పెట్టినాడు. అంతలోకి జనం పరిగెత్తుకొచ్చినారు.

"స్వామే కాపాడినాడప్పా! అమ్మ భయపడి బ్రేకు మర్చిపోయింది," అన్నాడు పెద్దాయన వాళ్లతో.

"తొక్కినాను సార్. కింద అడ్డం పడింది. మీరే కదా తీసినారు?"

"భయంలో అట్లే అనిపిస్తాదమ్మా."

"అక్కా, స్వామి మీదనే నింద వేస్తావా?" అన్నాడు ఒకడు.

"స్వామి మీద కాదబ్బా, ఆయన్ని తడిసిన టేపు మీద నిలబెట్టినోళ్ల మీద."

సాయంత్రం చీటీ వచ్చింది. 'బ్రేకు తొక్కే ధైర్యం లేదు. ఒంటరిగా పంపరాదు.'

ఆదివారం ఇంటికి పోలేదు. పోతే ఏడ్చి పోయిందంటారు. టెంటు కింద కుర్చీ వేసుకొని, పదిహేను మంది మగోళ్లు నీళ్లు చిమ్ముకుంటా తిరుగుతా ఉంటే లెక్కపెట్టుకుంటా కూర్చున్నాను. వానలో పాకాల దారి నాకు ఇప్పటికీ దడే. నీళ్లు కనిపిస్తే ఇరవైలోకి దిగిపోతాను, వెనక లారీవాళ్లు హారను కొడతానే ఉంటారు.

ఆ ఆదివారం కార్లు వరసలో నిలబడినప్పుడు నేను ఒక్కొక్క దాని అద్దంలోంచి తొంగి చూసినాను. ఒక్క డ్యాష్‌బోర్డు మీద కూడా స్వామి లేడు. పెద్దాయనే పొద్దున్నే దించమన్నాడంట. తేమకు ఇత్తడి నల్లబడతాదని చెప్పినాడంట. అప్పటినుంచి ఆయన నాకు ఎదురుపడితే ఫోను చెవికి పెట్టుకుంటాడు. కాబట్టి ఈడ అడుగుతా ఉండాను. నేను బ్రేకు తొక్కడం మర్చిపోయింది నిజమైతే, పదిహేను కార్లలోనుంచి స్వామిని ఎందుకు దించినారు సార్?